యూరప్ బయట ఓ చెక్ దేశం: 'అలా జరిగి ఉంటే' చరిత్రని నమ్మేలా కట్టడం ఎలా

నేను మొదటిసారి ఇలాంటిది రాసినప్పుడు చేసిన తప్పు ముందే చెప్పేస్తాను, మీకు ఒక వారం కలిసొస్తుంది. 1918లో చెకోస్లొవాక్ లీజియన్, అంటే మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యా వైపు పోరాడిన చెక్, స్లొవాక్ సైనికుల దళం, ట్రాన్స్ సైబీరియన్ రైలుమార్గాన్ని చాలావరకు చేతిలో పెట్టుకుంది కదా, వాళ్లు ఇంటికి పోకుండా రష్యా తూర్పు కొసన ఉన్న వ్లాదివొస్తోక్ రేవు చుట్టూ దేశం పెట్టేశారని రాశాను. మ్యాపు గీశాను, జెండా గీశాను, మంత్రివర్గం కూడా వేసేశాను. స్నేహితుడికి చూపిస్తే వాడు తీరిగ్గా అంతా చదివి ఒక్కటే అడిగాడు: "అందరూ మగాళ్లే కదరా, పిల్లలకి చెక్ ఎవరు నేర్పుతారు?"

నోట మాట రాలేదు. వ్లాదివొస్తోక్ నుంచి ఓడలెక్కిన లెక్క తీసి చూస్తే మొత్తం 67 వేల మందికి పైగా ఉన్నారు, అందులో భార్యలు 1,716 మంది, పిల్లలు 717. ఆ భార్యల్లో ఎక్కువమంది అక్కడ పెళ్లాడినవాళ్లే. రష్యన్, చెక్ రెండూ స్లావిక్ భాషలే కాబట్టి ఇంట్లో ఒకదాన్లోకి ఇంకోటి జారిపోవడం చాలా తేలిక. నా గొప్ప చెక్ రిపబ్లిక్ రెండో తరానికే రష్యన్‌లో మాట్లాడుకుంటుంది, నొవాక్ అనే ఇంటిపేరు తప్ప ఏమీ మిగలదు.

అప్పట్నుంచి నేను వెనకనుంచి మొదలుపెడుతున్నా. ముందు మూడో తరంలో ఒక పిల్లని ఊహించుకోండి. ఆ పిల్ల వంటింట్లో అమ్మతో ఏ భాషలో గొడవపడుతుంది, బడిలో పలక మీద ఏం రాస్తుంది, పెళ్లికి సంబంధం ఏ ఊరు నుంచి వస్తుంది? ఈ మూడింటికీ జవాబు చెక్ అని వచ్చేలా పరిస్థితులు పేర్చుకోండి, మ్యాపు తర్వాత గీసుకోవచ్చు.

పోలికకి నిజంగా జరిగినవి రెండు పక్కన పెట్టుకుంటే మంచిది. 1688 ప్రాంతంలో దక్షిణాఫ్రికాలోని కేప్‌కి దాదాపు 200 మంది హ్యూగెనోలు, అంటే ఫ్రెంచ్ ప్రొటెస్టెంట్లు, వచ్చారు. డచ్ కంపెనీ వాళ్లని డచ్ రైతుల మధ్యలో చెదరగొట్టి కూర్చోబెట్టింది, బడిలోనూ డచ్చే. రెండు మూడు తరాల్లో ఫ్రెంచ్ పోయింది, ఇంటిపేర్లూ ద్రాక్షతోటలూ ఉండిపోయాయి. 1865లో మిమోసా ఓడలో పటగోనియా వెళ్లిన వెల్ష్ జనం అంతకంటే తక్కువ, 150 మందికి అటూ ఇటూగా. కానీ కుటుంబాలతో వెళ్లారు, చుబుత్ లోయలో ఒక్కచోటే కూర్చున్నారు, బడీ ప్రార్థనా మందిరమూ తమ చేతిలోనే పెట్టుకున్నారు, వెనకాల ఇంకొన్ని ఓడలు కూడా వచ్చాయి. అక్కడ ఇవాళ్టికీ వెల్ష్ వినిపిస్తుంది. అయితే వాళ్లకి ఊళ్లు మిగిలాయే గానీ దేశం రాలేదు, ఆ తేడా కూడా గుర్తుంచుకోండి.

ఇక మలుపు ఎక్కడ పెట్టాలి? చాలామంది 1620 దగ్గరికి పరిగెడతారు. నవంబరు 8న ప్రాగ్ పక్కన బీలా హోరా, అంటే తెల్లకొండ దగ్గర చెక్ ప్రొటెస్టెంట్లు ఓడిపోయారు, మరుసటి ఏడాది జూన్‌లో పాత ఊరి చౌక్‌లో 27 మందిని చంపారు, ఎక్కువమందిని తల నరికి, 1627లో గెలిచిన కాథలిక్ చక్రవర్తి మతం మారండి లేదా వెళ్లిపోండి అన్నాడు. బొహీమియా, అంటే చెక్ నేల, నుంచి 36 వేల కుటుంబాలు వెళ్లిపోయాయని అప్పటి అంచనా ఒకటి అందరూ ఎత్తి చూపుతుంటారు. సరుకు బాగానే ఉంది, మరి వాళ్లంతా అమెరికా ఎందుకు పోలేదు? ఎందుకంటే ఇల్లు పక్కనే ఉంది. సాక్సనీలో, పోలండ్‌లో కూర్చుని రేపో మాపో తిరిగెళ్తామని మూటలు విప్పకుండా ఎదురుచూశారు. 1631లో సాక్సన్ సేన ప్రాగ్‌ని పట్టుకుంటే నిజంగానే కొందరు తిరిగొచ్చారు, వంతెన బురుజు మీద పదేళ్లుగా వేలాడుతున్న, అప్పుడు నరికిన తలలు దింపి పూడ్చిపెట్టారు, మరుసటి ఏడు మళ్లీ తరిమేశారు. పేరున్న చెక్ విద్యావేత్త కొమెన్స్కీ లాంటివాడు కూడా ముప్పై ఏళ్ల యుద్ధాన్ని ముగించిన 1648 సంధి దాకా ఆశ వదల్లేదు.

కాబట్టి యుద్ధం గెలిపించకండి, ఆశని తొందరగా చంపండి. 1631లో సాక్సన్లు రాలేదనుకోండి. అంతకు రెండేళ్ల ముందే, 1629లో, డచ్ వెస్టిండియా కంపెనీ అమెరికాలోని తన వలస న్యూ నెదర్లాండ్ కోసం ఒక బేరం పెట్టింది: నాలుగేళ్లలో 15 ఏళ్లు దాటిన 50 మందిని తెచ్చి దింపితే ఆ భూమికి నువ్వే పట్రూన్, మన మాటల్లో జమీందారు. ఓడిపోయిన చెక్ రాజు ఫ్రెడరిక్ హేగ్‌లోనే కాలక్షేపం చేస్తున్నాడు. ఆస్తులు పోయిన చెక్ దొరలకి ఇది సరిగ్గా సరిపోయే తలుపు. ఇదేమంత అసాధ్యం కూడా కాదు, ప్రాగ్‌లో పుట్టిన అవుగుస్తిన్ హెర్మాన్ 1640లలో న్యూ ఆమ్‌స్టర్‌డామ్ (ఇప్పటి న్యూయార్క్) చేరి, తర్వాత మేరీలాండ్‌కి పటం గీసిచ్చి 'బొహీమియా మేనర్' అనే ఎస్టేటు సంపాదించాడు. అక్కడి నదిని ఇప్పటికీ బొహీమియా రివర్ అనే అంటారు.

ఇక్కడ కాగితం పెన్నూ తీయండి. భూమి ఉండి, ఆడవాళ్లు సమానంగా ఉంటే అమెరికా వలసల్లో జనాభా పాతికేళ్లకి రెట్టింపయ్యేది. 1640కి 5 వేల మందిని దింపితే 1665కి 10 వేలు. ఇంగ్లిష్ వాళ్లు 1664లో లాక్కునేటప్పటికి న్యూ నెదర్లాండ్ మొత్తం జనాభా కూడా దాదాపు అంతే. అంటే మీ చెక్ వాళ్లు చిన్న గుంపేమీ కాదు. ఫ్రెంచ్ కెనడా కూడా దాదాపు 10 వేల మంది స్థిరపడినవాళ్లతో మొదలై 1760 నాటికి 70 వేలు అయింది. కానీ అక్కడ ఒక గోడ ఉంది, వాళ్లు కాథలిక్కులు, చుట్టూ ఉన్న ఇంగ్లిష్ వాళ్లు ప్రొటెస్టెంట్లు, సంబంధాలు తేలిగ్గా కలవవు. మీ చెక్ వాళ్లకి ఆ గోడ లేదు, పక్కింటి ఇంగ్లిష్ అబ్బాయిదీ ఇంచుమించు అదే మతం. ఇది పరిష్కరించకుండా 1700 దాటకండి. నేనైతే ఇక్కడే చేతులెత్తేశాను.

టెక్సస్ గురించి చాలామంది అడుగుతారు. చెక్ కుటుంబాలు గుంపుగా రావడం 1850లలో మొదలైంది, టెక్సస్ స్వతంత్ర దేశంగా ఉన్నది 1836 నుంచి 1845 దాకా, బస్సు వెళ్లిపోయాక స్టాండుకి వచ్చినట్టు. మంచి భాషా సరదాలు దొరుకుతాయి గానీ దేశం దొరకదు. బ్రెజిల్‌లో యాన్ బాటా కట్టిన ఊళ్లు, అంటే మనం చెప్పులు కొనుక్కునే బాటానే, కోల్‌కతా పక్కన బాటానగర్ వాళ్లదే, అవి కంపెనీ ఊళ్లు. నవలకి పనికొస్తాయి.

ఏ మలుపు ఎంచుకున్నా తేదీలు ఒకసారి జల్లెడ పట్టండి, అందరూ జారిపడేది ఇక్కడే. 1630లలో బయల్దేరినవాళ్ల దగ్గర పోల్కా డాన్స్ ఉండదు, అది 1830లది. బంగారు రంగు పిల్స్‌నర్ బీరు 1842లో పుట్టింది, దాన్ని కాచింది బవేరియా వాడు. నీలం త్రికోణం జెండా 1920ది. రెండు తోకల సింహం మాత్రం వాడుకోండి, అది పాతదే. భాష ఇంకా రుచిగా ఉంటుంది. ఇప్పుడు చెక్‌లో గాలిని 'వ్జ్దుఖ్' అంటారు, అది 19వ శతాబ్దంలో యుంగ్మన్ లాంటి పండితులు రష్యన్ నుంచి తెచ్చిపెట్టిన మాట. ముందే వెళ్లిపోయినవాళ్లు 'పొవ్యెత్ర్షీ' అనే అంటారు. వాళ్ల రాత భాష 16వ శతాబ్దపు చెక్ అనువాదం క్రాలిత్సే బైబిల్ దగ్గర ఆగిపోతుంది, ఇంట్లో మాట మాత్రం ఎటో వెళ్లిపోతుంది. గ్రాంథికం, వ్యావహారికం గొడవ తెలిసిన మనకి దీన్ని ఊహించుకోవడం ఏమంత కష్టం కాదు, ఆ దేశానికీ ఒక గిడుగు పుట్టాల్సి వస్తుంది.

చివరికి నా సైబీరియాని నేనెలా బాగుచేసుకున్నానో చెప్తాను. లీజియన్‌ని వదిలి అరవై ఏళ్లు వెనక్కి వెళ్లాను. రష్యా ఆ తూర్పు తీరాన్ని చైనా నుంచి 1860 నాటికి తీసుకుంది, 1861లో అక్కడికి వచ్చే కుటుంబానికి 100 దెస్యాతీనాలు, అంటే దాదాపు 270 ఎకరాలు ఇస్తామంది, విదేశీయులకి కూడా. అమెరికాలోని చెక్ వాళ్లలో కొందరు నిజంగానే అక్కడి అముర్ నది ప్రాంతం మీద కన్నేసి మనుషుల్ని పంపి చూపించుకున్నారు, కానీ అటకెక్కింది. 1868 తర్వాత రష్యాకి వలసపోయిన చెక్ రైతులు ఎక్కువగా ఇప్పటి ఉక్రెయిన్ వైపున్న వొలీనియాలో దిగి బీరులో వేసే హాప్ తోటలు వేసుకున్నారు, 1897 జనాభా లెక్కలకి అక్కడ 27 వేల పైచిలుకు. వీళ్లలో సగాన్ని పసిఫిక్ వైపు మళ్లించాను. 1883 నుంచి ఒదెస్సా నుంచి వ్లాదివొస్తోక్‌కి వలస ఓడలు నడిచాయి కాబట్టి దారి కూడా ఉంది.

ఇప్పుడు 1918లో లీజియన్ వ్లాదివొస్తోక్ చేరుతుంది. నెలల తరబడి సరుకు రైలు పెట్టెల్లో బతికి, ఆ పెట్టెల్లోనే రొట్టెలు కాల్చుకుని, పత్రిక అచ్చేసుకున్న కుర్రాళ్లు రైలు దిగుతారు. ప్లాట్‌ఫాం మీద ఒకామె బుట్టలో కొలాచ్‌లు అనే చెక్ తీపి రొట్టెలు అమ్ముతోంది, మధ్యలో గసగసాల ముద్ద ఉన్నవి. మొరావియాలోని బ్ర్నో నగరం నుంచి వచ్చిన కుర్రాడు రష్యన్‌లో ధర అడుగుతాడు. ఆమె వాళ్ల తాతల నాటి మొరావియా యాసలో డబ్బులు లెక్కపెట్టుకుంటూ జవాబిస్తుంది, వాడు చేతిలో కొలాచ్ పట్టుకుని అలాగే నిలబడిపోతాడు.

ఈసారి చదివి మా వాడు తల ఊపాడు. పిల్లలకి చెక్ నేర్పేవాళ్లు దొరికారన్నాడు. తర్వాత, "మరి 1922 అక్టోబరులో జపాన్ వాళ్లు సేనల్ని తీసుకుని పోతారు, ఎర్రసేన వస్తుంది, అప్పుడో?" అన్నాడు. ప్రస్తుతం అక్కడ ఆగి ఉన్నాను.