క్వీన్స్ ఫుట్‌బాల్ చరిత్ర చదవడం – మూడో పాఠం: ఆ ఒక్క పాయింట్

పోయిన పాఠం చివర కెనడాలోని క్వీన్స్ యూనివర్సిటీ వరసగా గెలిచిన మూడు గ్రే కప్‌ల (కెనడా ఫుట్‌బాల్ జాతీయ ఫైనల్, ఇది సాకర్ కాదు) స్కోర్లు ఇచ్చి, ఆ అంకెల నుంచి ఆట గురించి ఏం చెప్పగలరో రాయమన్నాను. 1922లో క్వీన్స్ 13, ఎడ్మంటన్ 1. 1923లో క్వీన్స్ 54, రెజైనా 0. 1924లో క్వీన్స్ 11, బామీ బీచ్ 3.

జవాబులన్నీ చదివాను. సగానికి పైగా మొదటి స్కోరు దగ్గరే తడబడ్డాయి. "13-1 అచ్చుతప్పు, 13-11 అయి ఉండాలి" అని కొందరు దిద్దేశారు. టీవీలో అమెరికా ఫుట్‌బాల్ చూసే అలవాటున్నవాళ్లు ఒక జట్టు ఒకే ఒక్క పాయింట్‌తో ఆట ముగించడం జరగదని గట్టిగా వాదించారు. ఇవాళ 1930ల దశాబ్దంలోకి వెళ్దామనుకున్నాను. దాన్ని పక్కనపెడుతున్నాను. ఈ ఒక్క పాయింట్ అర్థం కాకుండా ముందుకెళితే రాబోయే పాఠాలన్నీ వంకరగానే అర్థమవుతాయి.

13-1 సరైన స్కోరే. ఆ పాయింట్‌ను రూజ్ అంటారు, సింగిల్ అని కూడా అంటారు. ఒక జట్టు బంతిని తన్ని ఎదుటివాళ్ల ఎండ్ జోన్‌లోకి, అంటే మైదానం చివర గోల్ గీత అవతలి పట్టీలోకి, పంపుతుంది. అక్కడున్నవాళ్లు దాన్ని పట్టుకుని గీత దాటించి మైదానంలోకి తేలేకపోతారు. తన్నిన జట్టుకు ఒక పాయింట్ వస్తుంది. గోల్ పోస్టుల మధ్యకు గురిచూసి తన్నిన బంతి పక్కకు పోయినా సరే, అది ఎండ్ జోన్‌లోనే చిక్కుకుపోతే పాయింట్ వచ్చినట్టే. అమెరికా ఆటలో ఇది లేదు, కెనడా ఆటలో ఉంది.

కన్వర్ట్‌కు కూడా ఒక పాయింటే కదా అని ముగ్గురు అడిగారు. నిజమే. కాని కన్వర్ట్ అంటే టచ్‌డౌన్ (బంతిని ఎదుటివాళ్ల ఎండ్ జోన్‌లోకి చేర్చడం) తర్వాత దొరికే అదనపు కిక్, అది టచ్‌డౌన్ తర్వాతే వస్తుంది. టచ్‌డౌన్ పడితే స్కోరు అప్పటికే పెద్దదై ఉంటుంది. కాబట్టి ఒక జట్టు పేరు పక్కన 1 ఒంటరిగా కనిపిస్తే అది రూజే, ఇంకొకటి కావడానికి వీల్లేదు. ఇప్పుడు 1922 డిసెంబరులో కింగ్‌స్టన్‌లో జరిగిన ఆ ఆటను మళ్లీ చూడండి. ఎడ్మంటన్ టచ్‌డౌన్ చేయలేదు, ఫీల్డ్ గోల్ (బంతిని పోస్టుల మధ్యకు తన్నడం) కొట్టలేదు, సేఫ్టీ (ఎదుటివాళ్లను వాళ్ల ఎండ్ జోన్‌లోనే బంతితో ఆపడం) కూడా రాలేదు. ఒకే ఒక్కసారి వాళ్లు తన్నిన బంతి క్వీన్స్ ఎండ్ జోన్‌లో చిక్కింది. ఇంత సమాచారం ఆ చిన్న అంకెలో ఉంది. క్వీన్స్ 13లో ఇంత లేదు, ఎందుకంటే 13 చాలా రకాలుగా వస్తుంది. అందుకే నేనెప్పుడూ ఓడినవాళ్ల అంకె ముందు చదువుతాను. చిన్న అంకెకు దారులు తక్కువ, కాబట్టి అది ఎక్కువ చెబుతుంది. మీరూ ఈ అలవాటు చేసుకోండి.

పాతకాలపు వింత అనుకునేరు. 2004 వేనియర్ కప్ చూడండి, అంటే యూనివర్సిటీ జట్ల జాతీయ ఫైనల్. లవాల్ 7, సెయింట్ మేరీస్ 1.

అసలు ఉచ్చు ఇక్కడ మొదలవుతుంది. ఏటా ఇదే తప్పు చూస్తున్నాను, అందుకే నిదానంగా చెబుతాను. 54-0 చూడగానే చాలామంది "ఆరు తొమ్మిదులు 54, అంటే తొమ్మిది టచ్‌డౌన్లు" అని రాసేశారు. లెక్క చక్కగా కుదిరింది కాబట్టి అనుమానం కూడా రాలేదు. 1923లో టచ్‌డౌన్‌కు 5 పాయింట్లు. 6 అయింది 1956లో. తొమ్మిది టచ్‌డౌన్లకు తొమ్మిది కన్వర్ట్‌లు కలిసినా 54 వస్తుంది, నిజమే. పది టచ్‌డౌన్లు, నాలుగు కన్వర్ట్‌లు కలిసినా వస్తుంది. ఎనిమిది టచ్‌డౌన్లు, ఎనిమిది కన్వర్ట్‌లు, రెండు ఫీల్డ్ గోల్స్ కలిసినా వస్తుంది. మొత్తం మాత్రమే చూసి ఇదీ అని తేల్చే వీలు లేదు.

క్రికెట్‌లో ఇలాంటిదే మనకు తెలుసు. ఆస్ట్రేలియాలో 1978-79 సీజన్ దాకా ఓవర్‌కు 8 బంతులు. ఆ కాలపు స్కోరు కార్డు పట్టుకుని ఓవర్లను ఆరుతో హెచ్చవేస్తే బంతుల లెక్క తప్పుతుంది. కార్డులో తప్పు లేదు, చదివినవాళ్లు వేరే కాలపు కొలత తెచ్చారు. ఫుట్‌బాల్‌లోనూ అంతే. స్కోరు ముందు పెట్టుకున్నారంటే, దాని పక్కన ఏడాది రాయండి, ఏడాది పక్కన టచ్‌డౌన్ విలువ రాయండి. 1956కు ముందు 5, 1956 నుంచి 6. నేను గళ్ల నోటుబుక్కులో మొదటి గడి దీనికే వదులుతాను. 1968లో క్వీన్స్ తొలి వేనియర్ కప్ గెలిచిన స్కోరు 42-14, అది వాటర్‌లూ లూథరన్ మీద. ఈ 42నూ 1923 నాటి 54నూ పక్కపక్కన పెట్టి పోల్చడం ఇకనుంచి మానండి.

ఇంకో సంగతి కూడా కలుపుకోవాలి. 1922లో కెనడాలో బంతిని ముందుకు విసరడానికి అనుమతి లేదు. ఫార్వర్డ్ పాస్ అన్ని లీగ్‌లలోకీ వచ్చింది 1931లో. కాబట్టి బంతి ముందుకు పోవాలంటే పరిగెత్తాలి, పక్కవాడికో వెనకవాడికో అందించాలి, లేదా తన్నాలి. తన్నే మనిషి కాలిలోనే ఆట ఉండేది. క్వీన్స్‌కు పెప్ లీడ్లే లాంటి కిక్కర్, అంతకుముందు ఏడాదే టొరంటో ఆర్గొనాట్స్‌తో గ్రే కప్ గెలిచి వచ్చిన హ్యారీ బ్యాట్‌స్టోన్ లాంటి పరుగుగాడు ఒకేసారి దొరికారు. ఆ మూడు కప్పుల వెనక కోచ్ బిల్లీ హ్యూజ్ ఉన్నాడు. నాకు ఈ జట్టంటే ప్రాణం, దాచను. 1924 తర్వాత మరే యూనివర్సిటీ గ్రే కప్ గెలవలేదు.

పేర్ల దగ్గరా ఒకరు పొరబడ్డారు. 1922లో ఓడిన ఎడ్మంటన్ ఎల్క్స్, 2021లో ఆ పేరు పెట్టుకున్న నేటి సీఎఫ్ఎల్ (కెనడా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) క్లబ్బు ఒకటి కావు. వాటర్‌లూ లూథరన్ ఇప్పుడు విల్ఫ్రిడ్ లారియర్ యూనివర్సిటీ.

బామీ బీచ్ 3 దగ్గర అందరూ "ఒక ఫీల్డ్ గోల్" అని రాశారు. కావచ్చు. మూడు రూజ్‌లు కావచ్చు. ఒక సేఫ్టీ, ఒక రూజ్ కావచ్చు. మూడూ మూడు వేరు ఆటలు. మొదటిదైతే పోస్టుల దూరంలోకి ఒకసారి చేరారు. రెండోదైతే క్వీన్స్‌ను మాటిమాటికీ వెనక్కి నెట్టారు, కాని చివరి అడుగు వేయలేకపోయారు. ఏది నిజమో ఆ వారం పత్రికలే చెప్పాలి. 1978 వేనియర్ కప్‌లో క్వీన్స్ 16-3తో యూబీసీని (బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీని) ఓడించినప్పుడూ ఆ 3ని ఇదే అనుమానంతో చదవాలి.

పెద్ద స్కోర్లలో ఈ పద్ధతి పెద్దగా పనికిరాదు. 2009 వేనియర్ కప్‌లో క్వీన్స్ 33, క్యాల్గరీ 31. అక్కడ చివరి అంకెకన్నా సగం ఆట అంకె ముఖ్యం: విరామానికి క్వీన్స్ 7, క్యాల్గరీ 25. పద్దెనిమిది పాయింట్ల వెనక నుంచి వచ్చి గెలిచారన్నది చివరి స్కోరులో ఎక్కడా కనబడదు. అలాంటి ఆటలకు క్వార్టర్ల వారీ లెక్క ఎలా చదవాలో తర్వాత చెబుతాను.

ఇక అభ్యాసం. ఒకటే, కాని కష్టం. 1924లో క్వీన్స్ చేసిన 11 పాయింట్లు ఎన్ని రకాలుగా రావచ్చో అన్నీ రాయండి. టచ్‌డౌన్ 5, కన్వర్ట్ 1, ఫీల్డ్ గోల్ 3, సేఫ్టీ 2, రూజ్ 1. కన్వర్ట్‌లు టచ్‌డౌన్ల కన్నా ఎక్కువ ఉండకూడదు. ఏ క్రమంలో వచ్చాయన్నది లెక్కలోకి తీసుకోవద్దు. మొత్తం 30 రావాలి: టచ్‌డౌన్ లేకుండా 16, ఒకటి ఉంటే 12, రెండు ఉంటే 2. తక్కువ వస్తే, కన్వర్ట్‌నూ రూజ్‌నూ ఒకటే అనుకుని కలిపేశారేమో ముందు చూసుకోండి. కాగితం మీద చేయండి, కంప్యూటర్‌తో వద్దు. ముప్ఫై వరసలూ మీ చేత్తో రాసి పంపినవాళ్లకు నాలుగో పాఠంలో 1930ల దశాబ్దం మొదలుపెడతాను.