గోథిక్ కథలో మూడ్‌కీ పగకీ ఉన్న లింక్ పట్టుకోవడం ఎలా?

గోథిక్ కథ (చావు, భయం, పాడుబడ్డ చోట్లు నిండిన కథ) మీద రాయమంటే చాలామంది చీకటి, సమాధులు, పుర్రెలు అని ఒక లిస్ట్ వేసేసి మూడ్ గురించి రాసేశాం అనుకుంటారు. అదంతా సామాను. ఆ సామాను పగ పట్టినవాడికి ఏం పని చేసిపెడుతోందో చూస్తేనే మూడ్ దొరుకుతుంది. ఎడ్గర్ అలన్ పో కథ ‘ది కాస్క్ ఆఫ్ అమాంటిలాడో’ తీసుకుందాం, 1846లో అచ్చయింది, చిన్న కథే.

ముందు పగకి కారణం వెతకండి. కథ చెప్పేది మాంట్రెసర్. ఫార్చునాటో నాకు వెయ్యి రకాలుగా హాని చేసినా ఓర్చుకున్నా, అవమానించేసరికి పగ పట్టా అంటాడు, అంతే. ఏం అవమానమో చివరిదాకా చెప్పడు. మరి కారణమే తెలియనప్పుడు మనం వాడి వెంట ఎందుకు వెళ్తున్నాం? మూడ్ లాక్కెళ్తోంది కాబట్టి. నాకైతే ఈ కథలో అసలు కిటుకు ఇదే.

తర్వాత చోటు మారినప్పుడల్లా ఆగి, ఏం వినిపిస్తోంది, గాలి ఎలా ఉంది అని పక్కన రాసుకోండి. మొదట కార్నివాల్ సందడి, ఫార్చునాటో బాగా తాగేసి జోకర్ డ్రెస్సులో, టోపీకి మువ్వలతో ఉంటాడు. అమాంటిలాడో అనే మంచి వైన్ రుచి చూద్దువు రమ్మని మాంట్రెసర్ వాణ్ణి కింద సమాధుల సొరంగాల్లోకి తీసుకెళ్తాడు, అక్కడ గోడలకి సురేకారం అనే తెల్లటి ఉప్పు, చెమ్మ, ఎక్కడ చూసినా ఎముకలు. ఫార్చునాటోకి దగ్గు ఆగదు, వెనక్కి వెళ్లిపోదాం నీ ఆరోగ్యం ముఖ్యం అంటాడు మాంట్రెసర్, ఈ దగ్గుతో నేను చావనులే అంటే నిజమే నిజమే అంటాడు. మొదటిసారి చదివితే అది మర్యాదలాగే ఉంటుంది, రెండోసారికి ఒళ్లు జలదరిస్తుంది, అందుకే రెండుసార్లు చదవాలి.

సొరంగం చివర మాంట్రెసర్ ఫార్చునాటోని ఒక గూడులో గొలుసులతో కట్టేసి, బతికుండగానే ముందు గోడ కట్టేస్తాడు. ఈ గోడ కట్టే సీన్ మాత్రం చాలా నిదానంగా చదవండి. వరసలు లెక్కపెట్టండి, మొత్తం 11. మొదటి వరస అవ్వగానే లోపల్నుంచి మూలుగు, అది తాగినవాడి మూలుగు కాదని మాంట్రెసరే చెప్తాడు, తర్వాత నిశ్శబ్దం, నాలుగో వరస అయ్యాక గొలుసుల చప్పుడు. అప్పుడు మాంట్రెసర్ పని ఆపి ఎముకల మీద కూర్చుని తీరిగ్గా వింటాడు. పగ తీర్చుకోవడం అంటే చంపడం ఒక్కటే కాదు వాడికి, ఆ చప్పుడు వినడం కూడా, ఇక్కడ మూడ్‌నీ థీమ్‌నీ విడదీయలేం.

ఆ తర్వాత మూడ్ ఎక్కడ చెదిరిందో చూడండి. చివర్లో మువ్వల చప్పుడు తప్ప జవాబు రానప్పుడు మాంట్రెసర్‌కి గుండెలో ఏదోలా అవుతుంది, వెంటనే ఇది ఇక్కడి చెమ్మ వల్లే అంటాడు. అప్పటిదాకా ఫార్చునాటోని దగ్గించిన చెమ్మే ఇప్పుడు వీడికి సాకు అయ్యింది! ఇది పశ్చాత్తాపమా కాదా అని ఎవరి వాదన వాళ్లది, నేనైతే కొంచెం అవుననే అంటాను, వాడు ఈ కథ చెప్తున్నది 50 ఏళ్ల తర్వాత, అప్పటికీ ఆ చెమ్మ గుర్తుంది మరి.

రాసేటప్పుడు ‘మూడ్ భయంకరంగా ఉంది’ అని వదిలేయకుండా, ఫలానా చప్పుడు లేదా వాసన పగ గురించి మనకేం చెప్తోందో ఒక్క వాక్యంలో పెట్టండి. ప్రాక్టీస్‌కి 1849లో వచ్చిన పో కథే ‘హాప్-ఫ్రాగ్’ చదవండి, అందులో పగ తీరేది సొరంగంలో కాదు, జనం నిండిన మాస్క్ పార్టీ హాల్లో, అందరి కళ్ల ముందు.