నువారా ఎలియా పాత హోటళ్లలో దిగేముందు

శ్రీలంకకి రామాయణ యాత్రకని వెళ్ళే మనవాళ్ళు సీత ఎలియాలోని సీతమ్మ గుడి చూడకుండా తిరిగి రారు. దానికి దగ్గర్లో ఉన్న పెద్ద ఊరు నువారా ఎలియా. అక్కడ చాలామంది కోరి దిగేది తెల్లదొరల కాలం నాటి హోటళ్ళలోనే. గ్రాండ్ హోటల్ ఒకప్పుడు గవర్నర్ ఎడ్వర్డ్ బార్న్స్ విడిది. హిల్ క్లబ్ 1876లో తోటల దొరలు పెట్టుకున్నది. ఇలాంటి కట్టడాలంటే నాకు ప్రాణం. పెద్దవాళ్ళని, పిల్లల్ని తీసుకుని వెళ్ళేవాళ్ళు ముందే కొన్ని చూసుకుంటే మంచిదని ఇది రాస్తున్నాను.

ఆ ఊరు 1,868 మీటర్ల ఎత్తున ఉంది. కొలంబోలో చెమటలు కారుతూ కారెక్కినవాళ్ళు సాయంత్రానికి స్వెట్టర్ల కోసం వెతుక్కుంటారు. జనవరి, ఫిబ్రవరిలో కొన్ని రాత్రులు గడ్డి మీద మంచు పేరుకుంటుంది. ఆ చలికి కొన్ని పాత హోటళ్ళలో ఇప్పటికీ గదిలోనే కట్టెల పొయ్యి వెలిగిస్తారు. అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది దీనితోనే.

మేం దిగిన ఒక పాత బంగ్లాలో రాత్రి ఎనిమిదింటికి కుర్రాడొచ్చి కట్టెలు పేర్చి వెలిగించాడు. గది వెచ్చబడింది. చలిగాలి రాకూడదని నాన్న కిటికీలన్నీ బిగించేశారు. తెల్లవారుజామున అమ్మ లేచి "తల పగిలిపోతోందిరా" అంది. కాసేపటికి నాన్నకి వికారం మొదలైంది. ఇద్దరికీ ఒకేసారి ఎందుకొచ్చిందా అని లైటు వేసి చూస్తే, పొయ్యి నోటి పైన తెల్లటి గోడకి కొత్త మసి చార కనిపించింది. పొగ చిమ్నీలోకి పోకుండా గదిలోకి తంతోందన్నమాట. శాలువాలు కప్పి ఇద్దర్నీ వరండాలోకి తీసుకొచ్చి, తర్వాత డాక్టరుకి చూపించాం. దేవుడి దయవల్ల తేరుకున్నారు. కానీ డాక్టరు చూసేదాకా నేను పడ్డ టెన్షన్ ఇంకెవరూ పడకూడదు.

కట్టెలు, బొగ్గులు సరిగా కాలనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. మంట ఆరిపోయినా నిప్పులు ఎర్రగా ఉన్నంతసేపూ అది వస్తూనే ఉంటుంది. నిద్రలో ఉన్నవాళ్ళకి తెలియదు. అందుకే గది బుక్ చేసేటప్పుడే చిమ్నీ ఎప్పుడు శుభ్రం చేయించారో అడగండి. సరైన జవాబు రాకపోతే పొయ్యి వెలిగించొద్దని చెప్పి, ఇంకో దుప్పటి అడగండి. వెలిగిస్తే కిటికీ ఒకటి జానెడు తెరిచి ఉంచండి. పడుకునేముందు నిప్పులు పూర్తిగా ఆరాయో లేదో చూడండి. బొగ్గుల కుంపటిని మాత్రం గదిలోకి రానివ్వకండి. ఈ వాయువుని పసిగట్టి మోగే, బ్యాటరీతో పనిచేసే చిన్న అలారం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, అరచేతిలో పడుతుంది. నేనిప్పుడు అది లేకుండా కొండ ఊళ్ళకి వెళ్ళను. గదిలో ఇద్దరికి ఒకేసారి తలనొప్పో, వికారమో వస్తే తిండి పడలేదేమో అనుకుంటూ కూర్చోకండి. ముందు అందరూ బయటి గాలిలోకి వచ్చేయండి.

పక్కలో పెట్టే హాట్ వాటర్ బ్యాగ్ విషయం కూడా చాలామందికి తట్టదు. షుగర్ ఉన్న పెద్దవాళ్ళకి పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటే, చర్మం కాలుతున్నా తెలియదు. పడుకునేముందే దాన్ని తీసేయండి.

పాత చెక్క మెట్లు, మైనం పట్టించిన చెక్క నేల నున్నగా జారతాయి. అమ్మానాన్నల్ని సాక్సులతో తిరగనివ్వకండి, కింది అంతస్తులోనే గది అడగండి. కాళ్ళున్న పాతకాలం బాత్‌టబ్ అంచు మోకాలికంటే ఎత్తుగా ఉంటుంది, పక్కన పట్టుకోవడానికి ఏమీ ఉండదు. బకెట్, మగ్ అడిగితే ఇస్తారు, మొహమాటపడకండి. పిల్లలుంటే బాల్కనీ పిట్టగోడ ఎత్తు చూడండి, పాత కట్టడాల్లో అది తక్కువగా ఉండొచ్చు.

చెక్క కట్టడానికి నిప్పంటుకుంటే ఎంతోసేపు పట్టదు. గదిలోకి చేరగానే మెట్లు ఎటు, రెండో దారి ఉందా అన్నది ఒకసారి నడిచి చూసుకోండి. టార్చి దిండు పక్కనే పెట్టుకోండి. లోపలి నుంచి తాళంచెవితో వేసుకునే తలుపైతే చెవి తాళానికే ఉంచండి. మనవాళ్ళు తెచ్చుకునే రైస్ కుక్కర్‌ని పాత వైరింగ్‌కి తగిలించొద్దు. అక్కడ గుండ్రటి పిన్నుల సాకెట్లూ, చదరపు పిన్నులవీ రెండూ కనిపిస్తాయి, అడాప్టర్ మంచిది కొనుక్కోండి.

ఇక వానలు. నైరుతి వానలు మే చివర్లో మొదలవుతాయి. అక్టోబరు, నవంబరుల్లో తుఫానుల బెడద. 2025 నవంబరు చివర్లో దిత్వా తుఫానుకి ఈ కొండ జిల్లాల్లో చరియలు విరిగిపడి చాలామంది చనిపోయారు, రోడ్లు, రైలు దారి తెగిపోయాయి. అక్కడి ప్రభుత్వ సంస్థ నేషనల్ బిల్డింగ్ రీసెర్చ్ ఆర్గనైజేషన్ కొండచరియల హెచ్చరికలు ఇస్తుంది. బయల్దేరేరోజు ఉదయం అవి చూడండి. హెచ్చరిక ఉంటే గది డబ్బులు పోయినా సరే, కిందే ఆగిపోండి. కొండెక్కే దారిలో వచ్చే రంబొడ ఘాట్‌లో పొగమంచు కమ్మితే దారి కనపడదు, చీకటి పడకముందే పైకి చేరుకోండి. రైల్లో వచ్చేవాళ్ళు దిగాల్సిన స్టేషన్ నాను ఓయ. అక్కడి నుంచి ఊళ్ళోకి బండి ముందే మాట్లాడుకోండి.

అంబులెన్స్‌కి 1990, విపత్తు సహాయానికి 117. ఫోన్‌లో ఉన్నాయి కదా అనుకోకుండా కాగితం మీద రాసి అమ్మానాన్నల జేబులో కూడా ఒకటి పెట్టండి.