తక్కువ బడ్జెట్‌లో మొదటి గేమింగ్ కంప్యూటర్: రెండు విడతల్లో కొనడం ఎలా?

మా తమ్ముడికి మొదటిసారి కంప్యూటర్ కొన్నప్పుడు నేను చూసినవి రెండే: ‘ఐ7’ అన్న ఇంటెల్ ప్రాసెసర్ స్టిక్కర్, క్యాబినెట్‌లో వెలిగే రంగుల లైట్లు. ఇంటికి తెచ్చాక తెలిసింది, అది 2011 నాటి రెండో తరం ఐ7 అని. ‘4 జీబీ గ్రాఫిక్స్’ అని చెప్పింది పాత జీటీ 730 కార్డు. వాడు ఆశపడ్డ గేమ్ ఒక్కటీ సాఫీగా నడవలేదు. నాన్న పత్తి అమ్మిన డబ్బులవి. ఇంకో ఇంట్లో అలా జరగకూడదని ఇది రాస్తున్నాను.

నా సలహా ఒక్కటే. డబ్బు తక్కువగా ఉంటే అన్నీ ఒకే రోజు కొనొద్దు. గ్రాఫిక్స్ కార్డు (గేమ్ బొమ్మల్ని స్క్రీన్ మీదికి తెచ్చే విడి భాగం) లేకుండానే కొన్ని గేమ్స్ ఆడించగల మంచి కంప్యూటర్ ముందు కొనండి. కార్డు తర్వాత, చేతిలో డబ్బు ఆడినప్పుడు.

ముందుగా ఏ గేమ్స్ ఆడాలో కాగితం మీద రాసుకోండి. వాలరెంట్, జీటీఏ 5 లాంటివైతే మొదటి విడతతోనే పని జరుగుతుంది. కొత్తగా వస్తున్న భారీ గేమ్స్ కావాలంటే కార్డు వచ్చేదాకా ఆగాల్సిందే. ఈ మాట పిల్లలకు ముందే చెప్పండి.

తర్వాత ప్రాసెసర్, అంటే కంప్యూటర్ మెదడు. నేను రైజెన్ 5 5600జీ చెబుతాను. 2021లో వచ్చింది, 6 కోర్లు ఉన్నాయి, గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది, కూలర్ కూడా డబ్బాలోనే వస్తుంది. ఇంటెల్ వైపు వెళ్తే పేరు చివర ‘ఎఫ్’ ఉందేమో చూడండి. ఐ3 12100ఎఫ్ మంచి ప్రాసెసరే కానీ అందులో గ్రాఫిక్స్ లేదు, కార్డు పెట్టకపోతే స్క్రీన్ మీద ఏమీ రాదు. ‘ఐ5, ఐ7’ అన్న మాటతో సరిపెట్టుకోకుండా ఆ తర్వాత ఉండే అంకెలు అడగండి, తరం తెలిసేది వాటితోనే.

ర్యామ్, అంటే నడుస్తున్న పనికి వాడే మెమరీ, 16 జీబీ చాలు, కానీ ఒకే 16 కాకుండా రెండు 8లు తీసుకోండి. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది, రెండు స్టిక్‌లు ఉంటే దానికి దారి రెట్టింపవుతుంది. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, కాబట్టి రెండు మూడు చోట్ల రేటు కనుక్కోండి. మదర్‌బోర్డు (అన్ని భాగాలూ బిగించే పెద్ద బోర్డు) బీ450 లేదా బీ550, ఎస్‌ఎస్‌డీ (గేమ్స్, ఫైళ్లు దాచే వేగమైన డ్రైవ్) 500 జీబీ సరిపోతాయి. హార్డ్ డిస్క్ తర్వాత చూసుకోవచ్చు.

ఎస్‌ఎంపీఎస్, అంటే లోపలి భాగాలకు కరెంటు అందించే డబ్బా, దాని దగ్గర మాత్రం దయచేసి పొదుపు చేయొద్దు. క్యాబినెట్‌తో ఊరికే ఇచ్చేది వద్దు, పేరున్న కంపెనీది, 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని చెప్పే గుర్తు) ముద్ర ఉన్నది, 550 వాట్లది తీసుకోండి. రేపు కార్డు పెట్టినా అదే సరిపోతుంది. మన పల్లెల్లో యాసంగి వచ్చిందంటే బోరు మోటార్లు ఒక్కసారిగా ఆన్ అయి వోల్టేజీ పడిపోతుంది. నాసిరకం ఎస్‌ఎంపీఎస్ కాలితే ఒక్కోసారి మదర్‌బోర్డునూ తీసుకుపోతుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని వెనుక ‘యూపీఎస్’ మోడ్ స్విచ్ ఉందేమో చూసి అందులో పెట్టండి, లేకపోతే కరెంటు పోయినప్పుడల్లా కంప్యూటర్ రీస్టార్ట్ కావచ్చు. క్యాబినెట్ తాకితే చేతికి జివ్వుమంటోందా? ఎర్తింగ్ సరిగా లేదేమో, ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాకే వాడండి.

క్యాబినెట్ ముందు భాగం అద్దం కాకుండా జాలీ ఉండాలి. నల్గొండ ఎండలకు గాలి ఆడటం ముఖ్యం, లైట్లు కాదు.

కొనేటప్పుడు ప్రతి భాగం పూర్తి మోడల్ పేరుతో కొటేషన్ రాయించుకోండి. సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో షాపులు ఎక్కువ, రేట్లు పోల్చుకోవచ్చు. కానీ తేడా వెయ్యి, రెండు వేలే అయితే మీ ఊళ్లోనే కొనండి. వారంటీ కోసం వంద కిలోమీటర్లు పోయి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది. ఎక్కడ కొన్నా అక్కడే బిగించి ఆన్ చేసి చూపించమనండి, జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబర్లు వేయించుకోండి. బయోస్‌లో, అంటే మదర్‌బోర్డు సెట్టింగుల్లో, ర్యామ్ ప్రొఫైల్ ఆన్ చేయించడం మరచిపోవద్దు, లేకపోతే 3200 వేగం ఉన్న ర్యామ్ కూడా తక్కువ వేగంతోనే నడవవచ్చు. బస్సులో తెచ్చేటప్పుడు మదర్‌బోర్డు వైపు కిందికి ఉండేలా క్యాబినెట్‌ను ఒళ్లో పడుకోబెట్టుకోండి.

ఆఫీసుల్లో వాడి తీసేసిన కంప్యూటర్లు ఇంకా చౌక. తీసుకుంటే ఇంటెల్ ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతిదే తీసుకోండి. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది, అంతకన్నా పాత ఇంటెల్ వాటిలో దాదాపు అన్నింటికీ విండోస్ 11 అధికారికంగా రాదు.

ఇక రెండో విడత. కార్డుల్లో ఆర్ఎక్స్ 6600, 8 జీబీ, నాకు నచ్చినది. 132 వాట్లే తీసుకుంటుంది. ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ చౌకగా దొరికినా 5600జీతో కలపొద్దు, ఆ జోడీలో దాని వేగం తగ్గుతుంది. సెకండ్ హ్యాండ్ అయితే జాగ్రత్త. 2022 సెప్టెంబర్‌లో ఇథీరియం మైనింగ్ (గ్రాఫిక్స్ కార్డులతో డిజిటల్ కరెన్సీ సంపాదించే పని) ఆగిపోయాక, రాత్రింబవళ్లు నడిచిన కార్డులు చాలా మార్కెట్లోకి వచ్చాయి. అరగంట గేమ్ ఆడించి, ఫ్యాన్ చప్పుడు విని, అప్పుడు డబ్బులివ్వండి.

కార్డు పెట్టాక మానిటర్ కేబుల్‌ను మదర్‌బోర్డు నుంచి తీసి కార్డుకు తగిలించాలి. చాలామంది ఇక్కడే పొరపాటు పడి, కొత్త కార్డు పనిచేయడం లేదని టెన్షన్ పడతారు. షాపుకు ఫోన్ చేసే ముందు ఆ కేబుల్ ఎక్కడుందో ఒకసారి చూడండి.