మొదటిసారి మేజర్ ఆడుతున్న గోల్ఫర్‌ను అనుసరించడం ఎలా?

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం ప్రాంతాల్లోని తెలుగువారిలో చాలామందికి గోల్ఫ్ టీవీలోనో ఫోన్‌లోనో పరిచయమైన ఆటే. క్రికెట్ స్కోరును ఒక్క చూపులో చదవగలిగిన మనం గోల్ఫ్ పట్టిక దగ్గర తడబడతాం. హైదరాబాదు నుంచి అమెరికా వెళ్లిన తెలుగు కుటుంబంలో పుట్టిన సాహిత్ తీగల 2023లో, మేజర్లు అని పిలిచే నాలుగు అతిపెద్ద గోల్ఫ్ పోటీల్లో ఒకటైన మాస్టర్స్‌ను మొదటిసారి ఆడి తొమ్మిదో స్థానంలో నిలిచినప్పుడు, ఆ నాలుగు రోజుల ఆటను అర్థం చేసుకుంటూ చూసిన ఇళ్లు మన వైపు ఎక్కువగా ఉండి ఉండవు. ఇకముందు అలా జరగకూడదన్నదే ఈ వివరణ ఉద్దేశం.

ముందుగా ఒక విషయంలో స్పష్టత ఉండాలి. కొత్త ఆటగాడిని పట్టికలో అతని పేరు ఎన్నో వరుసలో ఉందన్నదాన్ని బట్టి అంచనా వేయడం సరికాదు. గురు, శుక్రవారాల్లో రోజుకు పద్దెనిమిది చొప్పున ముప్పై ఆరు హోల్స్ (మొదటి దెబ్బ నుంచి బంతి గుంటలో పడేదాకా ఆడేది ఒక హోల్) పూర్తయ్యాక కట్ పడుతుంది. దాన్ని దాటినవారే శని, ఆదివారాల్లో ఆడతారు. మాస్టర్స్‌లో మొదటి 50 స్థానాలవారు, యూఎస్ ఓపెన్‌లో మొదటి 60 స్థానాలవారు, పీజీఏ ఛాంపియన్‌షిప్‌లోనూ బ్రిటన్‌లో జరిగే ది ఓపెన్‌లోనూ మొదటి 70 స్థానాలవారు, వారితో సమానమైన స్కోరు ఉన్నవారు కట్ దాటుతారు. మొదటిసారి వచ్చినవాడికి అసలు పోటీ ఈ గీతతోనే. అందువల్ల మొదటి రెండు రోజులూ మీ కళ్లు పట్టిక పైభాగం మీద కాక, కట్ గీత ఉన్న చోట ఉండాలి.

సమయం లెక్క కూడా ముందే వేసుకోవాలి. ఏప్రిల్‌లో మాస్టర్స్ జరిగే అగస్టా మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనక ఉంటుంది కనుక అక్కడ ఉదయం మొదలయ్యే ఆట మనకు సాయంత్రం మొదలై తెల్లవారుజాము వరకూ సాగుతుంది. జూలైలో జరిగే ది ఓపెన్‌కు తేడా నాలుగున్నర గంటలే; మన మధ్యాహ్న భోజనానికి ముందే మొదటి ఆటగాళ్లు మైదానంలో ఉంటారు. మొదటి రెండు రోజుల్లో ఒకరోజు ఉదయం, రెండో రోజు మధ్యాహ్నం ఆడే విధంగా సాధారణంగా సమయాలు కేటాయిస్తారు. మీ ఆటగాడి సమయాన్ని ముందే చూసుకోండి. ముఖ్యంగా ది ఓపెన్‌లో ఉదయపు గాలికీ మధ్యాహ్నపు గాలికీ చాలా తేడా ఉంటుంది కాబట్టి, ఉదయం ఆడినవాడి స్కోరును మధ్యాహ్నం ఆడినవాడి స్కోరుతో నేరుగా పోల్చడం అన్యాయం.

ఇక పట్టిక చదవడం. ప్రతి హోల్‌కు ఇన్ని స్ట్రోకుల్లో, అంటే ఇన్ని దెబ్బల్లో, ముగించాలన్న లెక్క ఒకటి ఉంటుంది, అదే పార్. అంతకంటే ఒకటి తగ్గితే బర్డీ, రెండు తగ్గితే ఈగిల్, ఒకటి పెరిగితే బోగీ. పార్ కంటే ఎంత తక్కువ కొట్టాడో మైనస్ గుర్తుతో, సాధారణంగా ఎర్ర రంగులో చూపిస్తారు. పార్‌తో సమానంగా ఉంటే ‘ఈ’ అన్న ఇంగ్లీషు అక్షరం కనిపిస్తుంది. ‘త్రూ’ అన్న గడిలో అతను ఎన్ని హోల్స్ పూర్తి చేశాడో ఉంటుంది. ఆ అంకె పక్కన నక్షత్రం గుర్తు (*) ఉంటే అతను ఆ రోజు పదో హోల్ నుంచి ఆట మొదలుపెట్టాడని అర్థం. ఇది చిన్న విషయంలా కనిపించినా, అతనికి మిగిలినవి కష్టమైన హోల్సా, సులువైనవా అన్నది దీన్ని బట్టే తెలుస్తుంది.

టీవీ ప్రసారం ముందున్నవారి వెంటే తిరుగుతుంది. కొత్తవాడిని చూడాలంటే టోర్నమెంటు సొంత యాప్‌లో అతని పేరు నొక్కి, హోల్ వారీగా అనుసరించాలి. మాస్టర్స్ యాప్‌లో అయితే దాదాపు ప్రతి షాట్ వీడియో ఉంటుంది. అప్పుడే అతని నిర్ణయాలు కనిపిస్తాయి. నా దృష్టిలో గోల్ఫ్ చూడటంలోని సగం ఆనందం ఇక్కడే ఉంది.

ఉదాహరణకు అగస్టాలోని పన్నెండో హోల్‌ను తీసుకోండి. అది 155 గజాల పార్ 3. ఇలాంటి ఆటగాళ్లకు దూరం ఏమంత కాదు. కానీ గ్రీన్, అంటే గుంట చుట్టూ గడ్డిని నున్నగా కత్తిరించిన చోటు, అడ్డంగా సన్నగా ఉంటుంది, ముందు వాగు, వెనక బంకర్లనే ఇసుక గుంటలు, ఎత్తయిన చెట్ల మధ్య నిలకడలేని గాలి. గుంటను చూపే జెండా కుడి మూలన ఉన్నప్పుడు దాని మీదకే కొట్టిన బంతి కాస్త తగ్గితే వాలు మీద జారి నీటిలో పడుతుంది. 2015 విజేత జోర్డన్ స్పీత్ మరుసటి ఏడాది ఆదివారం ఆధిక్యంలో ఉండి కూడా ఇక్కడ రెండు బంతులు నీటిలో వేసి, ఈ హోల్‌కు 7 స్ట్రోకులు తీసుకున్నాడు. కాబట్టి మీ కొత్త ఆటగాడు జెండాను వదిలి గ్రీన్ మధ్యకు కొట్టి, బంతిని దొర్లించే రెండు పట్‌లతో పార్ చేసుకుని ముందుకు సాగితే, అది పిరికితనం కాదు. అతనూ, అతని బ్యాగు మోస్తూ సలహా ఇచ్చే క్యాడీ సోమ, మంగళ, బుధవారాల్లో మైదానాన్ని శ్రద్ధగా చదివారనడానికి నిదర్శనం.

గ్రీన్ వాలును చదవడంలోనే కొత్తవాడికీ అనుభవజ్ఞుడికీ తేడా బయటపడుతుంది. మడిలో నీరు ఏ మూలకు తిరుగుతుందో ఏళ్ల తరబడి చూసిన రైతుకు పొలం వాలు కొలవకుండానే తెలిసినట్టు, పదేళ్లు అగస్టా ఆడినవాడికి ఆ వాలులు తెలుస్తాయి. అందుకే మాస్టర్స్‌లో కొత్తవారు గెలవడం అంత అరుదు: మొదటి రెండు పోటీలను, అంటే 1934, 1935లను పక్కన పెడితే, మొదటి ప్రయత్నంలోనే గెలిచినవాడు 1979లో ఫజీ జోలర్ ఒక్కడే. ఇతర మేజర్లలో పరిస్థితి కొంత వేరు. బెన్ కర్టిస్ 2003లో ది ఓపెన్‌నూ, కీగన్ బ్రాడ్లీ 2011లో పీజీఏ ఛాంపియన్‌షిప్‌నూ తమ మొట్టమొదటి మేజర్‌లోనే గెలిచారు.

తప్పు జరిగిన తరువాతి మూడు హోల్స్‌ను ప్రత్యేకంగా గమనించండి. తన మొదటి మేజర్‌గా 2024 మాస్టర్స్ ఆడిన లుడ్విగ్ అబెర్గ్ ఆదివారం పదకొండో హోల్‌లో బంతిని నీటిలో వేసి డబుల్ బోగీ (పార్ కంటే రెండు ఎక్కువ) చేశాడు. అయినా కుంగిపోకుండా రెండో స్థానంలో ముగించాడు. పోయిన స్ట్రోకును వెంటనే తిరిగి రాబట్టాలన్న ఆత్రంతో కొత్తవారు చాలామంది మరొకటి పోగొట్టుకుంటారు. ఆ ఆత్రం లేని కుర్రవాడు కనిపిస్తే అతని పేరు రాసి పెట్టుకోండి.

కట్ దాటకపోతే అతని పని అయిపోయిందని తీర్పు చెప్పవద్దు. జీవ్ మిల్ఖా సింగ్ 2007లో మాస్టర్స్ ఆడిన మొదటి భారతీయుడై కట్ దాటాడు. 2015లో అనిర్బన్ లాహిరి కూడా మొదటిసారే దాటాడు. శుభంకర్ శర్మ 2018లో ప్రత్యేక ఆహ్వానంతో వెళ్లి కట్ దగ్గరే ఆగిపోయాడు. అదే శుభంకర్ 2023లో రాయల్ లివర్‌పూల్‌లో జరిగిన ది ఓపెన్‌లో ఎనిమిదో స్థానాన్ని పంచుకున్నాడు.

వీలైతే టోర్నమెంటుకు ముందు ఒకసారి నిజమైన మైదానాన్ని చూసి రండి. గుణుపురం, పర్లాకిమిడి వైపువారికి రైలులో విశాఖపట్నం వెళ్లడం కష్టమేమీ కాదు. అక్కడ ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ ఉంది, బరంపురంవారికి భువనేశ్వర్ కూడా అందుబాటులోనే ఉంది. సందర్శకులను అనుమతిస్తారో లేదో ముందుగా ఫోన్ చేసి కనుక్కోవాలి. నూట యాభై గజాల దూరాన్ని ఒక్కసారి కాళ్లతో నడిచి చూస్తే, తెర మీద చదునుగా కనిపించే గ్రీన్ ఎంత వంపు తిరిగి ఉంటుందో తెలుస్తుంది.

చివరి రోజున మరో గీతను గుర్తుపెట్టుకోవాలి. మాస్టర్స్‌లో మొదటి పన్నెండు స్థానాల్లో ముగించినవారికి, ఆ స్థానాన్ని పంచుకున్నవారితో సహా, మరుసటి ఏడాదికి ఆహ్వానం దక్కుతుంది. ది ఓపెన్‌లోనూ యూఎస్ ఓపెన్‌లోనూ మొదటి పది స్థానాలకు అలాంటి అవకాశమే ఉంది. 2023లో తొమ్మిదో స్థానంతో ఈ గీత లోపలే నిలిచిన సాహిత్, చివరి రౌండులో పదహారో హోల్ దగ్గర గ్రీన్ బయటి నుంచి చిప్ చేసిన, అంటే కొద్దిగా లేపి కొట్టిన బంతి నేరుగా గుంటలో పడింది. టీవీవారు ఆదివారం రాత్రి విజేత వైపు చూస్తున్నప్పుడు, మీరు మీ ఆటగాడికీ ఆ పన్నెండో స్థానానికీ మధ్య ఎన్ని స్ట్రోకులు ఉన్నాయో, అతనికి ఇంకా ఎన్ని హోల్స్ మిగిలాయో లెక్కపెట్టండి.