పంపు చెరువు నీళ్లు అందుకోవట్లేదా? ముందు గేజ్ చూడండి

మన దగ్గర మామూలు వాటర్ టెండర్‌లో (నీళ్ల ట్యాంకుతో వచ్చే ఫైరింజన్) 4,500 లీటర్ల నీళ్లుంటాయి. నిమిషానికి 1,800 లీటర్లు తోడే పంపును పూర్తిగా నడిపితే రెండున్నర నిమిషాల్లో ట్యాంకు ఖాళీ. గడ్డివాములు అంటుకున్నప్పుడు ఆ నీళ్లు ఏ మూలకి? తర్వాత చెరువో బావో దిక్కు. సరిగ్గా అక్కడ పంపు మొరాయిస్తే, టెన్షన్‌లో చాలామంది యాక్సిలరేటర్ పెంచుతారు. అది ఆపి వాక్యూమ్ గేజ్ (పంపు ఎంత బలంగా పీలుస్తోందో చూపే మీటరు) ముల్లు చూడండి, సగం జబ్బు అక్కడే తెలుస్తుంది.

ప్రైమర్ నడుస్తోంది, ముల్లు మాత్రం లేవట్లేదు

ఎక్కడో గాలి లోపలికి వస్తోంది, లేదా ప్రైమరే (పైపులో, పంపులో ఉన్న గాలి లాగేసే పరికరం) పనిచేయట్లేదు. ఈ రెండింటిలో ఏదో తేల్చుకోవడానికి సక్షన్ పైపు (చెరువు నుంచి నీళ్లు పీల్చేది) విప్పి, పంపు ఇన్‌లెట్‌కి బ్లాంక్ క్యాప్ (మూత) బిగించి మళ్లీ ప్రైమ్ చేయండి. ముల్లు లేచి నిలబడితే పంపు బాగానే ఉన్నట్టు. తప్పు సక్షన్ పైపులదే. ఎక్కువసార్లు పైపులు కలిపే కప్లింగ్‌లో వాషర్ ఎండిపోయి పగిలి ఉంటుంది, లేదా ఇసుక చేరి సరిగ్గా కూర్చోదు. వాషర్ తుడిచి, లేదా మార్చి, కప్లింగ్‌ను రెంచితో బిగించాలి. పైపు చివరి జల్లెడ, అంటే స్ట్రైనర్, పూర్తిగా నీళ్లలో ఉందో లేదో కూడా చూడండి.

క్యాప్ పెట్టినా ముల్లు లేవకపోతే డ్రెయిన్ కాక్ (పంపులో మిగిలిన నీళ్లు వదిలే కుళాయి), డెలివరీ వాల్వులు (నీళ్లు బయటికి పంపేవి), ట్యాంకు నుంచి పంపుకు వచ్చే వాల్వు మూసి ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఆ చిన్న డ్రెయిన్ కాక్‌నే అందరూ మర్చిపోతారు. వాటర్ రింగ్ ప్రైమర్ (నీళ్ల సాయంతో గాలి లాగే రకం) అయితే దాని చిన్న ట్యాంకులో నీళ్లున్నాయా? అన్నీ సరిగ్గా ఉన్నా ముల్లు నిలవకపోతే, లేచినంత లేచాక ఇంజన్ ఆపి చెవి పెట్టి వినండి. గ్లాండ్ (పంపు షాఫ్ట్ చుట్టూ గాలి, నీళ్లు కారకుండా ఉండే బిగింపు) దగ్గర గాలి పీలుస్తుంటే సన్నగా బుస్సుమంటుంది. ప్రైమింగ్ 45 సెకన్లు దాటినా నీళ్లు అందకపోతే ఆపేయండి. నీళ్లు లేకుండా ఎక్కువసేపు తిరిగితే గ్లాండ్, సీలు కాలిపోతాయి.

ముల్లు బాగా పైకి పోయింది, నీళ్లు రావట్లేదు

ఇది గాలి సమస్య కాదు, దారి మూసుకుపోయింది. స్ట్రైనర్‌కి గుర్రపుడెక్క, పాలిథిన్ కవర్లు చుట్టుకుని ఉంటాయి, లేదా అది బురదలో దిగబడి ఉంటుంది. పైకి లాగి శుభ్రం చేసి, బుట్టలో పెట్టి, అడుగుకు తగలకుండా తాడుతో కట్టండి. పాత పైపుల్లో లోపలి పొర ఊడి, పంపు లాగినప్పుడు ముడుచుకుని అడ్డం పడుతుంది. బయటికి ఏమీ కనబడదు కాబట్టి పైపు మార్చి చూడటమే మార్గం.

అన్నీ బాగుంటే నీటి నుంచి పంపు దాకా ఎత్తు కొలవండి. నీళ్లను పైకి నెట్టేది వాతావరణ పీడనమే. సముద్రమట్టం దగ్గర లెక్క ప్రకారం 10.3 మీటర్లు, హైదరాబాద్ ఎత్తులో ఇంకొంచెం తక్కువ, ఆచరణలో 7 మీటర్ల దాకా అనుకోండి. 3 మీటర్ల ఎత్తుకే గేజ్ సుమారు 220 మిల్లీమీటర్ల పాదరసం చూపిస్తుంది, నీళ్లు పారుతుంటే ఇంకా పెరుగుతుంది. ఎండాకాలంలో చెరువు వెనక్కి పోయి గట్టు మీద నుంచి అందకపోతే బండిని కిందికి దించాలి. నేల మెత్తగా ఉంటే దించకండి, పోర్టబుల్ పంపు మోసుకెళ్లడం నయం.

నీళ్లు వచ్చాయి, కాసేపటికి ఆగిపోయాయి

నీటి మీద సుడి కనబడుతోందా? స్ట్రైనర్ పైన నీళ్లు చాలక గాలి దిగుతోంది. పైపు వ్యాసానికి కనీసం మూడింతల లోతు ఉండాలి, 100 మిల్లీమీటర్ల పైపుకు 300 అన్నమాట. లోతు దొరక్కపోతే సుడి మీద చెక్క ముక్క తేలేయండి, పని నడుస్తుంది. బావి గోడ మీదుగా పైపు పంపు ఇన్‌లెట్ కంటే ఎత్తుగా వంగినా అక్కడ గాలి చేరుతుంది. పైపు నీటి నుంచి పంపు దాకా వరసగా ఎక్కుతూ రావాలి.

కంకర పోసినట్టు చప్పుడు, ఎంత పెంచినా ప్రెషర్ పెరగదు

వచ్చే నీళ్ల కంటే ఎక్కువ అడుగుతున్నారు. అలాగే నడిపితే ఇంపెల్లర్ (పంపు లోపల తిరిగే చక్రం) అరిగిపోతుంది. ఇంజన్ వేగం తగ్గించండి, లేదా ఒక డెలివరీ మూసేయండి.

పంపు చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది

బ్రాంచిలన్నీ (గొట్టం చివర నీళ్లు చిమ్మే నాజిళ్లు) మూసి పంపు తిప్పుతూ ఉంచారు. ఉన్న నీళ్లే లోపల తిరిగి తిరిగి మరుగుతాయి. ట్యాంకుకు వెళ్లే వాల్వు కొంచెం తెరిచి నీళ్లు కదలనివ్వండి. బ్రాంచి పట్టుకున్నవాళ్లకు చెప్పకుండా మాత్రం డెలివరీ తెరవొద్దు, ఆ వేడినీళ్లు ముందు వాళ్ల మీదే పడతాయి.