ఆఫ్‌వైట్ కొనే ముందు ఒక అట్టముక్క

షేడ్ కార్డులో ఆఫ్‌వైట్‌లన్నీ ఒకేలా ఉంటాయి. గోడకెక్కాక ఒకటి పసుపు కొడుతుంది, ఇంకొకటి గులాబీ కొడుతుంది. పర్లాకిమిడిలో మా ముందుగదికి రంగు కొనబోతే కొట్టతను ఒడియాలో "సొబు ధొళా" అని నవ్వాడు, అంటే అన్నీ తెలుపే అని. కాదండీ.

కార్డు పక్కన మామూలు తెల్ల జిరాక్స్ కాగితం పెట్టి చూడండి. లోపల దాగిన పసుపో, ఆకుపచ్చో, బూడిదో అప్పుడు బయటపడుతుంది. నచ్చిన రెండింటిని మాత్రమే చిన్న డబ్బాల్లో, దొరికితే 200 మి.లీ. చొప్పున, కలిపించండి. రెండడుగుల తెల్ల అట్టకి నాలుగు గంటల తేడాతో రెండు పూతలు వేసి ఆరనివ్వండి. చార్ట్ పేపరైతే ముడుచుకుపోతుంది. గోడమీదే ముక్క వేసి చూద్దామంటే పక్కనున్న పాత రంగు కళ్లను మోసం చేస్తుంది, అందుకే అట్ట.

ఇక దాన్ని నేల టైల్ పక్కన, తలుపు పక్కన, కిటికీ ఎదుటి గోడకి నిలువుగా ఆనించి ఉదయం, మధ్యాహ్నం, రాత్రి లైటు వేశాక చూడండి. పగలు మాకు తెగ నచ్చిన రంగు రాత్రి పసుపు బల్బు కింద అచ్చం మజ్జిగపులుసు! రెండోదే వేయించాం.

ఒక్క జాగ్రత్త. శాంపిల్ మెరుపులేని మ్యాట్‌లో చూసి గోడకి మెరిసే రకం వేయిస్తే ఈ లెక్క తప్పుతుంది. రెండూ ఒకే రకం ఉండాలని కొట్లో ముందే చెప్పండి.